ఎంత ఉంటే చాలు?

చదరంగాన్ని కనిపెట్టిన హింద్ దేశపు పండితుని కథ మన పాఠకులలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆటకు మెచ్చిన రాజు ఏం కావాలో కోరుకొమ్మన్నాడు. పండితుడు మొదటి గడిలో ఒక గోధుమ గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇలా అరవై నాలుగు గళ్ళూ నిండేవరకు రెట్టింపు చేస్తూ ఇప్పించమన్నాడు. ఇంత స్వల్పమైన కోరికా అని రాజు చిన్నబుచ్చుకున్నాడు. తీరా లెక్క కట్టి చూస్తే రాజ్యంలోని ధాన్యమంతా పోసినా ఆ కోరిక తీరదని తేలింది. 13వ శతాబ్దంలో డమాస్కస్ ఖాజీగా పనిచేసిన ఇబ్నె ఖల్లికాన్ తన జీవిత చరిత్రల గ్రంథంలో ఈ ఉదంతాన్ని నమోదు చేస్తూ, మొదట తనకూ నమ్మకం కలగలేదని, అలెగ్జాండ్రియాకు చెందిన ఒక గణకుడు లెక్క చేసి చూపిన తరువాతే ఒప్పుకున్నానని దాపరికం లేకుండా రాసుకున్నారు. అంతకు రెండు శతాబ్దాలకు పైగా ముందే అల్ బిరూనీ ఆ మొత్తాన్ని చివరి గింజ వరకూ లెక్కించారు. అది ఇరవై అంకెల సంఖ్య.

నేడు ప్రపంచ దేశాలన్నీ ఆ గళ్ళ పలక ముందే కూర్చొని ఉన్నాయి. దేశ ఆర్థిక వ్యవస్థ ఏటా ఏడు శాతం పెరిగితే శుభవార్త, అయిదు శాతానికి పడిపోతే ఆందోళన. పత్రికలు మూడు నెలలకొకసారి ఈ అంకెను మొదటి పుటలో ప్రచురిస్తాయి. ఏడు శాతం అంటే వినడానికి చిన్నదే. కాని ఆ వేగంతో వెళితే ఆర్థిక వ్యవస్థ దాదాపు పదేళ్ళకు రెట్టింపవుతుంది, నూరేళ్ళకు ఎనిమిది వందల అరవై రెట్లు దాటుతుంది. మూడు శాతంతో సరిపెట్టుకున్నా నూరేళ్ళకు పందొమ్మిది రెట్లు. ఆ ఉత్పత్తికి కావలసిన ఇనుము, ఇసుక, బొగ్గు, కలప, నీరు అన్నీ ఈ భూమి నుండే రావాలి. 1970లో మానవజాతి భూమి నుండి తవ్వి, కోసి, తోడుకున్న పదార్థం ఏడాదికి సుమారు 3,000 కోట్ల టన్నులు. ఇప్పుడది 10,000 కోట్ల టన్నులను మించిపోయింది. భూమి మాత్రం అంతే ఉంది.

దీన్ని ప్రశ్నిస్తూ పాశ్చాత్య దేశాలలోనే ఒక ఆలోచనా ధార పుట్టింది. 1971లో రుమేనియాలో జన్మించిన ఆర్థికవేత్త నికొలస్ జార్జెస్కు రోగెన్, ఆర్థిక కార్యకలాపాలు కూడా ప్రకృతి నియమాలకు లోబడే ఉంటాయనీ, ఒకసారి కాల్చిన బొగ్గును మళ్ళీ కాల్చలేమనీ గుర్తు చేస్తూ పెద్ద గ్రంథమే రాశారు. మరుసటి సంవత్సరం అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన యువ పరిశోధకులు క్లబ్ ఆఫ్ రోమ్ కోసం వృద్ధికి ఉన్న పరిమితులపై నివేదిక వెలువరించారు. అదే ఏడాది ఫ్రెంచి రచయిత ఆంద్రె గోర్జ్ 'దెక్రొయాసాన్స్' అనే మాటను ఈ అర్థంలో వాడారు. ఇంగ్లీషులో అదే 'డీగ్రోత్' అయింది. తెలుగులో దీనికి స్థిరపడిన పేరు లేదు, వృద్ధి విరమణ అనుకోవచ్చు. సంపన్న దేశాలు తమ ఉత్పత్తినీ వినియోగాన్నీ ఆలోచించి, ప్రణాళిక ప్రకారం తగ్గించుకోవాలని, ఉన్న సంపదను న్యాయంగా పంచుకుంటే అందరి అవసరాలూ తీరుతాయని ఈ వాదం సారాంశం.

ఈ వాదాన్ని ఆర్థిక మాంద్యంతో కలిపివేసేవారున్నారు. ఆ రెండింటికీ పొంతన లేదు. 2020 ఏప్రిల్, మే, జూన్ నెలల్లో మన దేశ ఉత్పత్తి అంతకు ముందు సంవత్సరం అవే నెలలతో పోలిస్తే సుమారు 24 శాతం పడిపోయిందని తొలి అంచనాలు చెప్పాయి. ఆకాశం తేటపడింది, నదులు కాస్త శుభ్రపడ్డాయి, దానికి కొందరు సంతోషించారు కూడా. కాని ఆ రోజుల్లోనే మన రహదారుల వెంట పిల్లలను భుజాన వేసుకొని వందల మైళ్ళు నడిచిపోయిన వలస కూలీలను మనం కళ్ళారా చూశాం. వారికి మజీదుల నుండి, ఇళ్ళ నుండి అన్నం పొట్లాలు అందించిన చేతులు మన పాఠకులవే. ఎదుగుదల మీదనే నిలబెట్టిన వ్యవస్థ ఉన్నట్టుండి ఆగితే దాని కింద నలిగేది పేదవాడు. అలాంటి ఆగిపోవడాన్ని ఎవరూ కోరుకోకూడదు.

పెట్టుబడిదారీ వ్యవస్థ ఒక్కటే దోషి అనుకోవడం కూడా పొరపాటే. ఆ వ్యవస్థకు బద్ధ శత్రువునని చెప్పుకున్న సోవియట్ యూనియన్ పత్తి దిగుబడిని పెంచాలన్న పట్టుదలతో అము దర్యా, సిర్ దర్యా నదుల నీటిని పొలాలకు మళ్ళించింది. 1960 నాటికి ప్రపంచంలో నాలుగవ అతి పెద్ద సరస్సుగా ఉన్న అరల్ సముద్రం అర్ధ శతాబ్దంలోనే చాలామేరకు ఎండిపోయింది. ఒకప్పుడు రేవు పట్టణమైన ముయ్‌నాక్ దగ్గర ఇప్పుడు పడవలు ఇసుకలో తుప్పు పట్టి నిలిచి ఉన్నాయి. చేపలు పట్టి జీవించిన ఆ ఉజ్బెక్, కరకల్పక్, కజక్ కుటుంబాలు అత్యధికం ముస్లిం కుటుంబాలే. యజమాని కంపెనీ అయినా ప్రభుత్వమైనా, ఇంకా కావాలి అన్న మాట ఒక్కటే అయినప్పుడు ఫలితమూ ఒకటే అయింది.

అసలు ఈ వృద్ధి అనే అంకె దేన్ని కొలుస్తుంది? స్థూల దేశీయోత్పత్తి అని మనం పిలిచే ఈ కొలతకు పునాది వేసినవారిలో ముఖ్యుడు సైమన్ కుజ్‌నెట్స్. 1934లో అమెరికా చట్టసభకు సమర్పించిన నివేదికలోనే ఆయన, జాతీయాదాయపు అంకెను బట్టి ప్రజల క్షేమాన్ని అంచనా వేయడం కుదరదని హెచ్చరించాడు. ఆ హెచ్చరికను మరచి అంకెను మాత్రం అందరూ పట్టుకున్నారు. ఈ లెక్కలో డబ్బు చేతులు మారినదే కనిపిస్తుంది. తల్లి బిడ్డకు పాలిచ్చి పెంచితే లెక్కలోకి రాదు, పాలడబ్బా కొంటే వస్తుంది. కోడలు మంచాన పడిన అత్తగారికి సేవ చేస్తే రాదు, జీతానికి నర్సును పెడితే వస్తుంది. మన పల్లెల్లో ఇంటి బావి నుండి తోడుకున్న నీరు ఏ లెక్కలోనూ లేదు. బావి ఎండిపోయి, బోరు వేయించి, అదీ ఎండిపోయి, ట్యాంకరు తెప్పించుకొని, తాగడానికి ఇరవై లీటర్ల డబ్బా కొనుక్కుంటే మూడుసార్లూ దేశం ఎదిగినట్టే. ఇంట్లోని మనిషికి మాత్రం తాతల కాలంలో ఉచితంగా దొరికిన నీరే దొరికింది, అదీ రుచి తగ్గి.

ఈ దృష్టితో మదీనా చరిత్రను ఒకసారి చదవండి. మక్కా నుండి వలస వచ్చిన ముహాజిర్లకు మదీనాలో తియ్యని నీటి కరువు ఎదురైంది. మంచి నీరున్నది రూమా అనే బావిలో. దాని యజమాని నీటిని అమ్ముకునేవాడు. పేదలు కొనలేక బాధపడేవారు. దైవప్రవక్త (స) ఆ బావిని కొని ప్రజలకు వదిలిపెట్టేవారికి స్వర్గంలో అంతకన్నా మేలైనది లభిస్తుందని శుభవార్త ఇచ్చారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) ముందుకు వచ్చారు. ఒక కథనం ప్రకారం యజమాని మొదట సగం హక్కే అమ్మాడు, ఒకరోజు ఆయన వంతు, మరొకరోజు యజమాని వంతు. హజ్రత్ ఉస్మాన్ (రజి) వంతు వచ్చిన రోజున ప్రజలు ఉచితంగా రెండు రోజులకు సరిపడా నీరు నింపుకునేవారు. యజమాని రోజున కొనేవారే లేకపోయారు. చివరికి అతను మిగిలిన సగం కూడా అమ్మేశాడు. బావి వక్ఫ్ అయింది. ధనికుడు, పేదవాడు, ప్రయాణికుడు, చివరికి దానం చేసిన ఉస్మాన్ (రజి) స్వయంగా, అందరూ ఒకే హక్కుతో చేద వేశారు.

నేటి గణాంక నిపుణుడు ఆనాడు మదీనాలో ఉండి ఉంటే ఏం రాసుకునేవాడు? నీటి వ్యాపారం మూతబడింది, దాని మీద వచ్చే ఆదాయం సున్నా అయింది, పట్టణ ఉత్పత్తి ఆ మేరకు తగ్గింది అని రాసుకునేవాడు. ఆ తగ్గుదలే మదీనా ప్రజల దాహం తీర్చింది. వృద్ధి విరమణ గురించి పుటలకు పుటలు రాసిన పండితులు చెప్పదలచుకున్నదానిలో సగం ఈ ఒక్క బావిలో ఉందని మాకు తోస్తుంది. మనిషికి తప్పనిసరి అయిన వస్తువును బజారు నుండి తప్పించి ఉమ్మడి చేస్తే తక్కువ డబ్బుతోనే ఎక్కువమంది బాగుపడతారు. నీరు, పచ్చిక, నిప్పు ఈ మూడింటిలో ప్రజలందరూ భాగస్వాములని మహాప్రవక్త (స) బోధించారు. నాటి ఎడారి సమాజంలో ప్రాణం నిలబెట్టే వనరులు ఆ మూడే.

ఇక వృద్ధి రథాన్ని వెనుక నుండి తోసే కొరడా ఒకటుంది, అది వడ్డీ. అప్పు మీద నడిచే వ్యాపారం ఉన్నచోట నిలబడలేదు. తెచ్చిన సొమ్ముతో పాటు వడ్డీని కూడా సంపాదించాలి గనుక నిరుటి కన్నా ఈ ఏడు ఎక్కువ అమ్మి తీరాలి. కొనేవారి దగ్గర డబ్బు లేకపోతే వారికీ అప్పు ఇప్పించి అమ్మాలి. వడ్డీ చిత్రంలో ఉన్నంతకాలం చాలు అన్న మాటకు చోటు దొరకదు. డీగ్రోత్ రచయితలలో కొందరు ఈ సంగతిని గుర్తించారు, మరికొందరు తేలికగా దాటవేశారు. ఈ విషయంలో ఇస్లాంకు ఏ తటపటాయింపూ లేదు.

తెలుగువారికి ఈ పాఠం పుస్తకాల నుండి నేర్చుకోవలసిన అగత్యం లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010లో జరిగినది ఇంకా మన జ్ఞాపకంలో ఉంది. పేద స్త్రీలను అయిదుగురిని పదిమందిని ఒక జట్టుగా కూర్చి, పూచీకత్తు లేకుండా చిన్న అప్పులిచ్చి, వారం వారం వసూలు చేసే సూక్ష్మ రుణ సంస్థలు మొదట సేవ పేరుతోనే మొదలయ్యాయి. తరువాత వాటిలోకి పెట్టుబడిదారులు ప్రవేశించారు. పెట్టుబడికి లాభం ఏటేటా పెరగాలి, దానికి ఖాతాదారుల సంఖ్య పెరగాలి, వారి అప్పు పెరగాలి. ఆ సంవత్సరం వాటిలో అతి పెద్ద సంస్థ మార్కెట్‌లో వాటాలు అమ్మి 1,600 కోట్ల రూపాయలకు పైగా సమీకరించింది. వాటాలకు అమ్మకానికి పెట్టినదాని కన్నా ఎన్నో రెట్లు గిరాకీ వచ్చింది. అదే సమయంలో పల్లెల్లో ఒకే ఇల్లాలు మూడు నాలుగు సంస్థలకు బాకీ పడి, ఒకరి వాయిదా కట్టడానికి మరొకరి దగ్గర అప్పు చేస్తోంది. ఒకరు కట్టలేకపోతే జట్టులోని మిగతావారు ఆమె గుమ్మం ముందు కూర్చోవలసి వచ్చేది. ఇరుగు పొరుగు స్నేహాన్నే పూచీకత్తుగా మార్చిన పద్ధతి అది. ఆత్మహత్యల వార్తలు వరుసగా వచ్చాయి. ఆ ఏడాది అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి వారం వారీ వసూళ్ళను ఆపించింది, సంస్థలు జిల్లా అధికారుల వద్ద నమోదు చేసుకోవాలని ఆదేశించింది. రిజర్వు బ్యాంకు మాలెగాం కమిటీని నియమించింది.

ఆ స్త్రీలలో ఎవరూ దురాశాపరులు కారు. గేదె కోసమో, పిల్లవాడి జ్వరం కోసమో, పెళ్ళి కోసమో చేయి చాచారు. మరి ఆ అప్పుల పుస్తకాలలో ఫాతిమాలూ ఖైరున్నీసాలూ ఎంతమంది ఉన్నారో మన బస్తీలలో తిరిగేవారికి తెలుసు. వడ్డీ నిషిద్ధమని ప్రసంగాలలో వింటున్న సమాజం, వడ్డీ లేని అప్పు దొరికే తావును తన గల్లీలో ఏర్పరచుకోకపోతే ఆ అక్కచెల్లెళ్ళు ఎక్కడికి వెళ్ళాలి? హైదరాబాదులోనూ మరికొన్ని పట్టణాలలోనూ దశాబ్దాలుగా బంగారం కుదువ పెట్టుకొని వడ్డీ లేకుండా అప్పు ఇచ్చే బైతుల్‌మాల్‌లు ఉన్నాయి, అవి నిజాయితీగా నడుస్తున్నాయి. కాని అవసరంతో పోలిస్తే అవి దాహానికి ఒక గుక్క వంటివి.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం వస్తుంది. రెండు పూటలా తిండి లేనివానికి తగ్గించుకొమ్మని చెప్పడం క్రూరత్వం కాదా? కచ్చితంగా క్రూరత్వమే. ఇస్లాం దారిద్ర్యాన్ని కొనియాడలేదు. దైవప్రవక్త (స) స్వయంగా వ్యాపారం చేశారు, దారిద్ర్యం నుండి అల్లాహ్ శరణు కోరేవారు. కనుక ఎవరు తగ్గించుకోవాలి అన్నదే అసలు ప్రశ్న. దీనికి హజ్రత్ ఉమర్ (రజి) పాలనలోని ఒక చిన్న ఘటన మాకు ఎంతో స్పష్టమైన సమాధానంగా కనిపిస్తుంది.

పచ్చిక బయళ్ళను ప్రజల అవసరాల కోసం రక్షించి ఉంచే పద్ధతిని 'హిమా' అంటారు. అక్కడ విచ్చలవిడిగా మేపడానికి, చెట్లు నరకడానికి వీల్లేదు. మదీనా సమీపంలోని నఖీ అనే బయలును ఇలా రక్షించినట్టు హదీసులలో ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) హునయ్ అనే సేవకుణ్ణి హిమాకు కాపరిగా నియమించి, కొద్దిపాటి ఒంటెలు, కొద్దిపాటి మేకలు ఉన్నవారిని లోపలికి రానిమ్మని ఆదేశించారు. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్, ఉస్మాన్ బిన్ అఫ్ఫాన్‌ల మందలను మాత్రం రానివ్వవద్దన్నారు. ఆ ఇద్దరూ స్వర్గ శుభవార్త పొందిన మహనీయులు, ఖలీఫాకు ఆత్మీయులు, మదీనాలోని గొప్ప సంపన్నులు. వారి పశువులు చనిపోయినా వారికి ఖర్జూర తోటలు, పొలాలు ఉన్నాయి, వాటి మీద బతుకుతారు. చిన్న మంద గలవాడి పశువులు చనిపోతే అతడు భార్యాబిడ్డలతో వచ్చి తన గుమ్మం ముందు నిలుచుంటాడు, అప్పుడు బంగారం వెండి ఇవ్వడం కన్నా ఇప్పుడు గడ్డీ నీరూ ఇవ్వడమే తేలిక కదా అని ఆయన వివరించారు. బుఖారీ గ్రంథంలో నమోదైన ఈ ఉదంతంలో హద్దు ఉంది. అది బలవంతుని ముందు గీసిన హద్దు. రూమా బావిని ప్రజలకు దానం చేసిన ఉస్మాన్ (రజి) మందే హిమా ముందు ఆగిపోయింది. ఆయన గొప్పతనానికి అందులో లోటేమీ రాలేదు.

ప్రపంచ స్థాయిలో ఈ లెక్క వేస్తే సగటు భారతీయుడు గాలిలోకి వదిలే బొగ్గుపులుసు వాయువు ఏడాదికి సుమారు రెండు టన్నులు, సగటు అమెరికన్‌ది దాదాపు పద్నాలుగు, పదిహేను టన్నులు. 1990 నుండి 2015 వరకు వెలువడిన వాయువులో సగానికి పైగా ప్రపంచ జనాభాలో అత్యంత సంపన్నులైన పది శాతం మంది వల్లనేనని ఆక్స్‌ఫామ్ సంస్థ 2020లో లెక్క చూపింది. పెద్ద మందలు ఎవరివో తెలుస్తూనే ఉంది.

ఇక్కడ మనం ముఖం చాటు చేసుకోలేని ఒక సంగతి ఉంది. తలసరి లెక్కలో అందరికన్నా ఎక్కువ వాయువు వదిలే దేశం కతర్. దాని ఇరుగు పొరుగు చమురు దేశాలూ ఆ వరుసలో ముందే ఉన్నాయి. దుబారాను నిషేధించిన ధర్మాన్ని అనుసరించే నేలల మీదే ఎడారిలో మంచు వాలులు కట్టి విహారాలు నడుస్తున్నాయి. ఇంకొక చిక్కు కూడా ఉంది. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ ప్రాంతాలలో ఎన్ని ఇళ్ళ పొయ్యి ఆ చమురు సొమ్ముతో వెలుగుతోందో మనకు తెలుసు. ఆ వృద్ధి ఆగితే మొదట టికెట్టు కొనిచ్చి ఇంటికి పంపేది మన అన్నదమ్ములనే. డీగ్రోత్ రచయితలు ఐరోపా కార్మికుల పని గంటలు తగ్గించడం గురించి, అందరికీ కనీస సేవలు సమకూర్చడం గురించి చక్కగా రాశారు. గల్ఫ్ శిబిరంలో పన్నెండు గంటలు పనిచేసి డబ్బు పంపే జగిత్యాల యువకుని గురించి వారి పుస్తకాలలో మాకు సమాధానం దొరకలేదు. మా దగ్గర కూడా పూర్తి సమాధానం లేదు. అతడు పంపే సొమ్ములో ఎంత భాగం ఇల్లు గడవడానికి, ఎంత భాగం చెల్లెలి పెళ్ళి అప్పు తీర్చడానికి ఖర్చవుతోందో అడిగితే మాత్రం, అతడు అక్కడ ఎన్నేళ్ళు ఉండాలన్నది కొంతవరకు మన చేతుల్లోనే ఉందని తెలుస్తుంది.

ఎందుకంటే మన ఇళ్ళలోనూ గళ్ళ పలక ఉంది. ఒక తరం కిందట వలీమా అంటే ఇంటి ముందు షామియానా, ఒక బిర్యానీ, ఒక తీపి. తరువాత ఫంక్షన్ హాలు వచ్చింది. హాలు పెద్దదైంది, వంటకాలు రెట్టింపయ్యాయి, మంజాకు వేరే వేదిక, సాంచఖ్‌కు వేరే ఊరేగింపు, ప్రతిదానికీ వేరే బట్టలు. పెద్దన్న కూతురి పెళ్ళిలో ఎనిమిది రకాలు వడ్డిస్తే తమ్ముడి కూతురి పెళ్ళిలో పది ఉండాలి. షరీఅతు అడగని కట్నం, జహేజ్ పేరుతో లారీ నిండుతోంది. మిగిలిన అన్నాన్ని అర్ధరాత్రి డ్రమ్ములలో పారబోస్తుంటే చూసినవారం మేమూ ఉన్నాం, చూసి భుజాలు దించుకొని ఇంటికి వచ్చినవారం. ప్రవహించే నది ఒడ్డున వుజూ చేసుకుంటున్నా నీరు వృథా చేయరాదని దైవప్రవక్త (స) హెచ్చరించినట్టు మనం వింటాం, పిల్లలకూ చెబుతాం. నదిలో నీరు తగ్గుతుందని ఆ మాట అన్నారా? నదికి ఆ చెంబెడు నీరు లెక్క కాదు. చేతికి అలవాటు కావలసిన హద్దు గురించి అన్నారు.

వృద్ధి విరమణ వాదులతో మాకు తేడా వచ్చేది కూడా ఇక్కడే. భూమి ఇక మోయలేదు గనుక తగ్గించుకొమ్మని వారంటారు. రేపు సూర్యుని వేడితో, గాలి బలంతో ఎంత శక్తి అయినా దొరుకుతుందని ఒకరు నిరూపిస్తే వారి వాదం సగం కూలిపోతుంది. ఖుర్ఆన్ ముందు ఈ చిక్కు లేదు. ఎక్కువ కూడబెట్టాలన్న పోటీ గురించి, ఆ పోటీలో పడి సమాధి వరకు వెళ్ళిపోయే మనిషి గురించి అందులో తకాసుర్ అనే సూరా ప్రత్యేకంగా ఉంది. ఆ సూరా ముగిసేది అనుభవించిన ప్రతి వరానికీ లెక్క అడుగుతారన్న హెచ్చరికతో. ఆదము కుమారునికి బంగారు లోయ ఒకటి ఇస్తే రెండవది కోరుతాడని మహాప్రవక్త (స) చెప్పారు. భూమిలో బంగారం ఉందా లేదా అన్నది అక్కడ ప్రస్తావనకే రాలేదు. ఒకవేళ భూమి అనంతమే అయినా ఆ రెండవ లోయ కోసం పరుగు మనిషిని పాడు చేస్తుంది.

ఇంతా రాశాక పాఠకురాలు ఒకరు, ఇంటి ఇల్లాలు, నేనేం చేయాలి అని అడగవచ్చు. ప్రభుత్వాల పని ప్రభుత్వాలు చేయాలి, వాటిని అడిగే హక్కు మనకుంది. కాని కొన్ని పనులకు ఎవరి అనుమతీ అవసరం లేదు. వలీమాకు ఒకే వంటకం, ఒకే తీపి అని గల్లీలోని నలుగురు సంపన్నులు కూర్చొని ముందుగా తమ ఇళ్ళకు నియమం పెట్టుకోవాలి. మొదలు పెట్టవలసింది వారే. పేదింటివాడు సాదాగా చేస్తే గతిలేక చేశాడంటారు. కలిగినవాడు చేసినప్పుడే అది దారి అవుతుంది. ఒకరోజు వడ్డనలో మిగిల్చిన సొమ్మును కాలనీ మజీదు పెట్టెలో వేసి, వడ్డీ లేని చిన్న అప్పులకు వాడితే, వారం వాయిదా కోసం గుమ్మం ముందు ఎవరూ కూర్చోవలసిన పని ఉండదు. వక్ఫ్ భూముల గతి ఏమైందో ఇక్కడ కొత్తగా చెప్పనవసరం లేదు. మిగిలి ఉన్న ఒక్క స్థలంలోనైనా బావినో, నీటి శుద్ధి యంత్రాన్నో పెట్టి రుసుము లేకుండా బస్తీ అంతటికీ తెరిచి ఉంచిన ముతవల్లీలు ఉన్నారు. అలాంటివారిని మెచ్చుకోవడంతో ఆగకుండా పక్క బస్తీవారు వెళ్ళి చూసి రావాలి.

మజీదు వెనుక సామాను గదిలోకి తొంగి చూస్తే జనాజా డోలీ, మయ్యత్‌కు గుసుల్ ఇచ్చే బల్ల కనిపిస్తాయి. బస్తీలోని ధనికునికీ పేదకూ అవే. మాకొకటి సొంతంగా ఉండాలని ఇంతవరకు ఎవరూ కొనుక్కోలేదు, ఉన్నదానితో ఎవరికీ తక్కువ కాలేదు. ఆ గదిలోనే మరో మూల ఖాళీగా ఉంటుంది. పెళ్ళిళ్ళకు పనికివచ్చే నాలుగు పెద్ద దేగ్‌లు, దస్తర్‌ఖాన్‌లు, ఒక పొడవాటి నిచ్చెన, ఒక కుట్టు మిషను, పై తరగతికి వెళ్ళిన పిల్లలు వదిలిన పాఠ్యపుస్తకాలు అక్కడ పట్టేస్తాయి.